చప్పుళ్ల పద్దు

అపార్టుమెంటులో పక్కవాటా చప్పుళ్ల గురించి నోరెత్తితే, ‘నాలుగు కాపురాలున్న చోట ఆ మాత్రం ఉండవా, సర్దుకుపోవాలి’ అంటారు. అది సగమే నిజం. పొద్దున్నే మిక్సీ తిరుగుతుంది, కుక్కరు కూస్తుంది, పసిపాప అర్ధరాత్రి గుక్కపెడుతుంది. అవి బతుకు చప్పుళ్లు, వాటిని ఓర్చుకోవాల్సిందే. కానీ రాత్రి పన్నెండింటికి పైవాటాలో హోమ్ థియేటర్ మోతకు మన కిటికీ రెక్కలు అదురుతుంటే, మంచాన ఉన్న పెద్దాయన కళ్లు తెరుచుకుని పడుకుని ఉంటే, ఇంటర్ పరీక్ష పెట్టుకున్న పిల్ల పుస్తకం మూసేసి ఏడుస్తుంటే, సర్దుకోవాల్సింది వాళ్లా?

ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో కోపంలో కనబడదు. అందుకే రాసిపెట్టుకోమంటాను. తేదీ, మొదలైన వేళ, ఆగిన వేళ, ఏం చప్పుడు, ఏ గదిలో వినబడింది, దానివల్ల ఇంట్లో ఎవరికి ఏమైంది. తిట్లు మాత్రం రాయొద్దు. కొన్నాళ్లు రాశాక, రోజూ అనుకున్న గోల శని, ఆదివారాలదేనని తేలవచ్చు. నెత్తిమీదే అనుకున్న కుర్చీల ఈడ్పు మరో వాటాది కావచ్చు. శ్లాబుల, పిల్లర్ల గుండా పాకే చప్పుడు ఎటునుంచి వచ్చిందో చెవి పోల్చుకోలేదు.

పద్దు దగ్గరుంటే తలుపు తట్టినప్పుడు వచ్చే మాట కూడా మారుతుంది. ‘అన్నయ్యగారూ, మొన్న శనివారం పన్నెండున్నర దాకా బేస్ మోగింది, నాన్నగారికి నిద్రలేదు. పది దాటాక కాస్త తగ్గించండి’ అంటే, వినే మనుషులే ఎక్కువ. కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు వేయించుకోమని అడగడం కూడా తేలికవుతుంది.

విననివాళ్లకు చట్టం ఉంది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. రాత్రంటే పదినుంచి ఉదయం ఆరు వరకు. సొంత సౌండ్ సిస్టమ్ అయినా సరే, దాని మోత ఆ ఇంటి హద్దు దగ్గర పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదు. 2005 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మరీ ముఖ్యం. ఆ కేసు పుట్టుక తలుచుకుంటే గుండె చెరువవుతుంది. అత్యాచారానికి గురవుతున్న పదమూడేళ్ల పిల్ల కేకలు ఇరుగుపొరుగు లౌడ్‌స్పీకర్ పాటల హోరులో ఎవరికీ వినబడలేదన్న వార్త ఆ పిటిషన్ వేయించింది. ఇష్టం లేనివాళ్ల చెవుల్లోకి బలవంతంగా మోత పంపే హక్కు ఎవరికీ లేదని కోర్టు తేల్చింది.

ఫోన్ యాప్ చూపించే డెసిబెల్ అంకెను పెద్దగా నమ్ముకోవద్దు, అది ప్రమాణంతో సరిచూసిన మీటరు కాదు. మన గదిలో, మన గోడగడియారం కనబడేలా తీసిన వీడియో నయం. కెమెరాను ఎదుటివాళ్ల కిటికీలోకి మాత్రం తిప్పకూడదు. పోలీసులకు 100కో 112కో ఫోన్ చేస్తే, చేసిన వేళ, వచ్చినవాళ్లు చెప్పిన మాట కూడా పద్దులోకి ఎక్కాలి. మిగతా అంతస్తులవాళ్లూ పక్కవాళ్లూ ఎవరి పద్దు వాళ్లు రాసుకుని, అన్నిట్లోనూ అదే రాత్రి, అదే వేళ కనబడితే, అసోసియేషన్ మీటింగులో ‘మీ ఒక్కరికే ఎందుకండీ ఇబ్బంది?’ అని అడగడానికి ఎవరికీ వీలుండదు.