చింతపిక్కల లెక్క

మిల్లు యజమానులకును కార్మికులకును జరుగు ఒప్పందముల మాట వచ్చినప్పుడు మన స్త్రీలలో పెక్కండ్రు పత్రికలోని ఆ పుటను త్రిప్పివేయుదురు. అది పురుషుల గొడవ యనియు, జెండాలు పట్టువారి వ్యవహార మనియు తలంతురు. మేమును ఒకప్పు డట్లే తలంచెడివారము. కాని ఆ కాగితముపై పడిన సంతకము వంటయింటి బియ్యపు డబ్బాలో ఎంత లోతునకు దిగునో మా పదునైదవ యేట కన్నులార చూచితిమి. ఆ సంగతి సోదరీమణులతో చెప్పుకొనవలయునని చాలకాలముగా మనసున నున్నది.

మా తల్లిదండ్రు లిరువురును కోస్తాలోని యొక పట్టణమున నూలుమిల్లులో పనిచేయుచుండిరి. మిల్లు పేరు చెప్ప బనిలేదు. తండ్రిగారు రింగు ఫ్రేములపైన, తల్లి రీలింగు విభాగమున ఉండిరి. ఆ పని యెట్టిదో తెలియనివారికి రెండు మాటలు చెప్పెదము. మిల్లునకు వచ్చిన దూది బేళ్లను విప్పి, దులిపి, కార్డింగు యంత్రముపై ఏకి, సన్నగా సాగదీసి, కడపట రింగు ఫ్రేముపై వడికి కండెలకు చుట్టుదురు. ఆ కండెలలోని నూలును చట్రముపైకి మరల చుట్టి చిలపలుగా తీయుటయే రీలింగు. ఒక్కొక్క చిలపలోని నూలు పొడవు 840 గజములు. చేమగ్గముల వారికి కావలసినది ఆ చిలపల నూలే. మా మిల్లులో ఆ పనివారందరును స్త్రీలే.

పురుషులకు జీతమును, దానిపై కరువు భత్యమును ఉండెను. రీలింగు స్త్రీలకో, తీసిన చిలపలను బట్టియే కూలి. కండెలు సకాలమున అందకున్నను, కరెంటు పోయినను, చేతులు ముడుచుకొని కూర్చున్న గంటలకు దమ్మిడీయైన రాదు. ఇంటికి పోవుటకును వీలులేదు. ఏ క్షణమున కండెల బుట్ట వచ్చునో యని గోడవార కాచుకొని యుండవలసినదే.

మా తల్లికి అక్షరములు రావు. లెక్క మాత్రము ఎన్నడును తప్పదు. ఆమె దేవుని గూటిలో రెండు పిడతలు పెట్టుకొనెను. సాయంకాలము ఇంటికి రాగానే కాళ్లు కడుగుకొని, పనిచేసిన గంటల కన్ని నల్ల చింతపిక్కలు ఒక పిడతలోను, ఊరక కూర్చున్న గంటల కన్ని పైతొక్క తీసిన తెల్లపిక్కలు రెండవ పిడతలోను వేయుచుండెను. నెలకొకమారు వానిని లెక్కించి ముడికట్టి, మూటలు వరుసగా పెట్టెలో దాచెడిది. మేము చిన్నతనమున ఆ తెల్లపిక్కలను అష్టాచెమ్మకు దొంగిలించి దెబ్బలు తిన్నవారమే. అవి ఆటవస్తువులు కావని తరువాత గాని తెలియలేదు.

1978వ సంవత్సరమున మిల్లులో మూడేండ్ల ఒప్పందము గడువు తీరెను. కార్మిక సంఘము వారు పండ్రెండు కోరికలతో క్రొత్త పత్రము సమర్పించిరి. మొదటివి జీతము, కరువు భత్యము, సెలవులను గూర్చినవి. తొమ్మిదవది, కండెలు రాక నిలిచిపోయిన గంటలకు రీలింగు స్త్రీలకు కూలి యిప్పించుట. పదవది, పసిపిల్లల గది. ముప్పదిమందికి మించి స్త్రీలు పనిచేయు కర్మాగారమున అట్టి గది యుండితీరవలయునని ఫ్యాక్టరీల చట్టము చెప్పుచున్నను, మా మిల్లులోని గదిలో పాత కండెల బుట్టలు పేర్చియుండిరి. పిల్లలు నూలు మూటల ప్రక్కన, దూది ధూళిలో నిద్రించుచుండిరి.

అయిదుగురు సభ్యుల సంప్రదింపుల సంఘములో మా తండ్రిగా రొకరు. సమావేశము ముగిసి వచ్చిన ప్రతిరాత్రియు అరుగుమీద కూర్చుండి ఆ మాటలు చెప్పుచుండిరి. దూది ధర పెరిగినదనియు, నూలు అమ్ముడుపోక గిడ్డంగిలో పేరుకొనుచున్నదనియు యజమానులు చెప్పుదురట. బియ్యము ధరయు పెరిగినదని వీరు చెప్పుదురట. రెండును నిజమే. వినుచున్న మాకు ఇది కూరగాయల బేరమువలెనే తోచెడిది. కాని విచారింప రెంటికిని భేదమున్నది. ధర కుదరనిచో కూరలమ్మి గంప నెత్తికెత్తుకొని ప్రక్కయింటికి పోవును. మిల్లులో బేరమాడిన యిరువురును మరునాడు మరల ఒకే కప్పు క్రింద కలిసియే బ్రదుకవలయును. అంతియే కాక, గిడ్డంగిలో నూలున్నవారు ఆగగలరు. ఇంట బియ్యము నిండుకొన్నవారు ఎంతకాల మాగగలరు? కిరాణా కొట్టు శెట్టిగారు మా పద్దు పుస్తకమును అప్పటికే రెండుమారులు ముందుకు జరిపియుండిరి.

ఆరవ సమావేశము నాటి రాత్రి తండ్రిగారు ఆలస్యముగా వచ్చి మా చేతికి రెండు కాగితములిచ్చి, “అమ్మాయీ, పొద్దుటికి దీనికి శుభ్రమైన ప్రతి రాసిపెట్టమ్మా” అని పోయి పండుకొనిరి. సంఘమున మా దస్తూరి గుండ్రనిదని పేరు. ఆ పని మాకు క్రొత్త గాదు. దీపము దగ్గరకు జరుపుకొని కాగితము విప్పితిమి. జీతపు హెచ్చింపు అంకె ముందుటికంటె పెరిగి యుండెను. తొమ్మిదవ కోరికపైన, పదవ కోరికపైన ఎఱ్ఱ పెన్సిలు గీతలు అడ్డముగా నుండెను.

మేము కలము పట్టుకొని చాలసేపు కూర్చుంటిమి. తండ్రిగారు మమ్ము నమ్మి యిచ్చిన కాగితము అది. ఆ హెచ్చింపు వచ్చినచో మా పరీక్ష ఫీజు కట్టవచ్చును. శెట్టిగారి పద్దు తీరును. పిల్లవారికి ఈ గొడవ యెందులకని సగము వ్రాసితిమి గూడ. వ్రాయుచు పైకి చదువుట మా యలవాటు. ప్రక్కనే బియ్యములో రాళ్లేరుచున్న మా తల్లి, “తొమ్మిది: పండుగ సెలవులు” అన్న మాట వినగానే చేట దించి, “తొమ్మిది మాది కదే?” అని యడిగెను.

అబద్ధ మాడుట కష్టము గాదు. ఆమెకు చదువు రాదు గదా. కాని చదువు రానిదను ధైర్యముతో తల్లితో అబద్ధమాడుటకు మాకు నోరు రాలేదు. ఉన్న సంగతి చెప్పితిమి.

ఆ రాత్రి మా యింట జరిగిన సంభాషణ నేటికిని చెవులలో నున్నది.

“ఏం చెయ్యమంటావే? పన్నెండూ పట్టుకు కూర్చుంటే ఒక్కటీ రాదు. మీ నలభైమంది కోసం అన్నిళ్లల్లోనూ పొయ్యి ఆర్పమంటావా?” అని తండ్రిగా రనిరి.

“మా పొయ్యి వేరే ఉందేంటయ్యా? వదులుకోవాల్సొస్తే వదులుకుంటాం. మమ్మల్నడిగి కొట్టేశారా? అడక్కుండా కొట్టేశారా?” అని మా తల్లి యడిగెను.

తండ్రిగారు జవాబు చెప్పలేదు. ఆయన చెడ్డవారు గారు. ఎక్కువమందికి మేలు కలుగుటకై తక్కువమంది కోరికను విడిచిరి. సంప్రదింపులలో ఏదో యొకటి విడువక తప్పదు. అయితే విడువబడు కోరిక ఎల్లప్పుడును ఆ బల్లయొద్ద లేనివారిదే యగుచుండుట ఆయనకు తట్టలేదు.

మరునాడు షిఫ్టు వదలిన పిమ్మట రీలింగు స్త్రీలందరును సంఘపు కార్యాలయపు వసారాలో వచ్చి కూర్చుండిరి. కేకలు లేవు. మా తల్లి పదునాలుగు నెలల మూటలు ఒడిలోనుండి తీసి అధ్యక్షులవారి బల్లమీద విప్పెను. నల్లవి ఒక ప్రక్క, తెల్లవి ఒక ప్రక్క. ముసలివారైన ఆ అధ్యక్షులు కళ్లజోడు సవరించుకొని తామే రెండు మూటలు లెక్కించి, ఏమియు మాటాడక, ఎఱ్ఱగీతల కాగితమును మడిచి జేబులో పెట్టుకొనిరి. ఏడవ సమావేశమునకు ఇద్దరు స్త్రీలను వెంటబెట్టుకొని పోయిరి. అందొకతె మా తల్లి.

చింతపిక్కలను చూచి మేనేజరుగారు మొదట నవ్విరట. పిమ్మట ఆయనయే విభాగపు రిజిస్టరు తెప్పించి, కండెలు అందని దినములను చూడుమని గుమాస్తాకు చెప్పిరట. తెల్లపిక్కలు హెచ్చుగా నున్న నెలలును, రిజిస్టరులో కండెల కొరత వ్రాసిన నెలలును సరిపోయెను. “లెక్క లెక్కే” అని ఆయన యొప్పుకొనుట న్యాయముగా చెప్పవలసిన మాట.

తుదకు కుదిరిన దిది. గంటకు మించి నిలిచినచో ఆపై కాలమునకు సగము కూలి. పసిపిల్లల గదిలోని బుట్టలు తీయించి ఒక ఆయాను పెట్టుట. అందులకు బదులుగా అందరి జీతపు హెచ్చింపును ఎఱ్ఱ పెన్సిలు నాటి అంకెకంటె కొంత తగ్గించిరి. లేబరు ఆఫీసరు ఎదుట సంతకములైనవి. మా తల్లి వేలిముద్ర వేసెను. 1947వ సంవత్సరపు పారిశ్రామిక వివాదముల చట్టము ప్రకారము, ప్రభుత్వోద్యోగి రాజీ నడుపగా కుదిరిన ఒప్పందము సంఘమున చేరనివారితో సహా మిల్లులోని కార్మికులందరికిని వర్తించుచుండెను. ఇరుపక్షములును బయట తమలో తాము వ్రాసికొన్నది సంతకము చేసినవారికే కట్టుబాటు. అందుచేత ఆఫీసరు ఎదుట చేయుట ముఖ్యమాయెను.

జయమని సంతోషించుటకు మాత్రము వీలులేకపోయెను. తగ్గిన హెచ్చింపు మా వలననే తగ్గినదని కొందరు ఇల్లాండ్రు కొళాయియొద్ద మా తల్లితో నెలల తరబడి మాటాడలేదు. తండ్రిగారు మాతో పదునైదు దినములు పలుకలేదు. మా పరీక్ష ఫీజునకు తల్లి చెవికమ్మలు తాకట్టుకు పోయెను.

కొన్నియేండ్లకు మేము 1918వ సంవత్సరపు అహమ్మదాబాదు మిల్లుల వివాదమును గూర్చి చదివినప్పుడు ఆ దినములే జ్ఞప్తికి వచ్చినవి. 1917లో ఆ నగరమున ప్లేగు వ్యాపింపగా, కార్మికులు ఊరు విడిచి పోకుండుటకై మిల్లులవారు జీతముపై ప్రత్యేకముగా బోనసు ఇచ్చుచుండిరి. 1918 జనవరిలో దానిని నిలిపివేసిరి. యుద్ధకాలపు ధరలు మాత్రము తగ్గలేదు. నేతపనివారు 50 శాతము హెచ్చింపు కోరిరి. యజమానులు 20 శాతము మించి యీయమనిరి. గాంధీమహాత్ముడు లెక్కలు విచారించి 35 శాతము న్యాయమని నిర్ణయించెను. ఫిబ్రవరి 22న మిల్లుల తలుపులు మూతపడెను. యజమానులలో ముఖ్యుడు అంబాలాల్ సారాభాయి. కార్మికుల పక్షమున నిలిచినది ఆయన తోడబుట్టిన యక్క అనసూయాబెన్. వరుసగా 36 గంటలు పనిచేసి సొమ్మసిల్లినట్లు నడచివచ్చుచున్న స్త్రీలను చూచినది మొదలు ఆమె వారి సేవకు పూనుకొనెనని చెప్పుదురు.

సబర్మతి యొడ్డున తుమ్మచెట్టు క్రింద ప్రతిదినమును సభ జరిగెడిది. రోజులు గడచినకొలది ఇండ్లలో గింజలు నిండుకొనెను. కార్లలో తిరుగువారికిని, కడుపునిండ తినువారికిని మా బాధ యేమి తెలియునని కార్మికులే యనిరి. ఆ మాట విని గాంధీగారు మార్చి 15న నిరాహారవ్రతము పూనిరి. 18న ఒడంబడిక కుదిరెను. మొదటి దినమున కార్మికుల ప్రతిజ్ఞ నిలుచునట్లు 35 శాతము. రెండవ దినమున యజమానుల పంతము నిలుచునట్లు 20. మూడవనాటినుండి మధ్యవర్తి తీర్పు వచ్చువరకు నడిమి అంకె యగు 27½. మధ్యవర్తి ఆనందశంకర ధ్రువగారు ఆ యేటి ఆగస్టులో 35 శాతమే తీర్పు చెప్పిరి. 1920లో అచ్చట మజూర్ మహాజన్ అను కార్మిక సంఘ మేర్పడెను. ఆ యక్క తమ్ముని విడిచిపెట్టలేదు, కార్మికులను విడిచిపెట్టలేదు. ఒకే యింటివారు బల్లకు చెరియొక ప్రక్కను కూర్చుండియు బంధుత్వము చెడకుండ నిలువగలరని తెలిసి మాకు ఊరట కలిగెను. మా యింటను ఆనాడు అట్టిదే గదా జరిగినది!

నేడు చట్టములు మారినవి. 2020వ సంవత్సరపు పారిశ్రామిక సంబంధముల స్మృతి 2025 నవంబరు 21నుండి అమలులోనికి వచ్చినది. ఫిర్యాదుల పరిష్కార సంఘములలో, పనిచేయు స్త్రీల సంఖ్యకు తగినంతమంది స్త్రీలుండవలయునని అది చెప్పుచున్నది. మంచిదే. కాని చట్టము కుర్చీ వేయగలదు. అందు కూర్చున్నవారి చేతిలో లెక్క యుండవలయును గదా.

మూడేండ్లకు, 1981లో, ఒప్పందపు గడువు మరల తీరెను. ఒకనాటి రాత్రి తండ్రిగారు చిత్తుప్రతి తెచ్చి మా ముందు పెట్టి, “రాసే ముందు మీ అమ్మకి చదివి వినిపించు” అని, పండుకొనక అక్కడనే కూర్చుండిరి. మా తల్లి చేట పట్టుకొని, పండ్రెండింటిని వినెను.

సోదరీమణులారా, మీ యింటివారు ఏ మిల్లులోనో, ఏ కర్మాగారములోనో పనిచేయుచున్నచో, ఒప్పందపు కాగితము ఇంటికి తెమ్మని యడుగుడు. వ్రాసినది చదువుడు, కొట్టివేసిన దేదో అదియు చదువుడు. మీరే పనికి పోవువారైనచో, నేటినుండియే మీ లెక్క మీరు వ్రాసి పెట్టుకొనుడు. పుస్తకము లేకున్న చింతపిక్కలైనను చాలును.