మూడు నెలల గుట్టు

కామాఠీపురా చాళ్లలో ఒక ఖోలీలో ఏం కూర వండారో నాలుగో ఖోలీకి తెలుస్తుంది. కోడలు నెల తప్పిన మాట మాత్రం మూడో నెల నిండేదాకా గడప దాటదు. దిష్టి తగులుతుందని ఒక భయం, నిలవకపోతే నలుగురికీ జవాబు చెప్పుకోవాలని మరో భయం. నైజాం ఇలాకా నుంచి కూలికి వచ్చి ఈ ఊళ్లో ఇళ్లు కట్టిన కామాఠీల పేటలో, పుట్టిన బిడ్డ దక్కడమే గొప్ప అనుకున్న రోజులు మన అవ్వలు చూశారు. వాళ్ల భయాన్ని నేను తేలిక చేయను.

అయితే ఆ మూడు నెలల విలువ మా కోడలు గర్భవతి అయినప్పుడు తెలిసింది. ఎనిమిదో వారం రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. 6.8 వచ్చింది. టి-4 మామూలుగానే ఉంది. "థైరాయిడ్ కొంచెం మందగించింది" అని డాక్టరమ్మ మాత్ర రాశారు.

బి.కాం. చదివి బ్యాంకు లెడ్జర్లతో గడిపిన నాకు ఆ లెక్క ఇలా అర్థమైంది. మెడలోని థైరాయిడ్ గ్రంథి నెమ్మదిస్తే, మెదడు కింద ఉండే పిట్యుటరీ గ్రంథి దానికి తాకీదు పంపుతుంది. ఆ తాకీదే టి.ఎస్.హెచ్. బాకీదారుకు మేం పంపే నోటీసుల్లాగే, పని తగ్గేకొద్దీ తాకీదు పెరుగుతుంది. తొలి నెలల్లో అది 4 దాటితే ఎక్కువని సాధారణంగా లెక్క. గర్భిణికి ఈ హార్మోను మామూలుకంటే 30 నుంచి 50 శాతం ఎక్కువ కావాలి. బిడ్డ గ్రంథి మూడో నెల చివరగ్గాని పని మొదలుపెట్టదు. తనకు చాలినంత చేసుకునేసరికి అయిదో నెల వస్తుంది. అందాకా తల్లి ఖాతాలోంచే ఖర్చు.

ఖాతా కొద్దిగా తగ్గితే ఏమవుతుంది? గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు, వీటి అవకాశం కొంత పెరుగుతుంది. రక్తంలో టి.పి.ఓ. యాంటీబాడీలు కూడా ఉంటే మరికొంత. బిడ్డ తెలివి మాటకు వస్తే, వైద్యం అందని తల్లుల పిల్లలు తెలివి పరీక్షల్లో సగటున 7 పాయింట్లు వెనకబడ్డారని 1999లో అమెరికాలో ఒక అధ్యయనం చెప్పింది. వాళ్లలో చాలామందికి లోపం ఎక్కువ. లోపం తక్కువగా ఉన్నవారికి మాత్రలిచ్చి చూసిన 2012, 2017 నాటి పరిశోధనల్లో పిల్లల తెలివిలో తేడా కనబడలేదు. కాని వాటిలో చాలామందికి మందు మొదలైంది మూడో నెల నిండాకే. అంతకు ముందే ఇస్తే ఎలా ఉండేదో ఆ లెక్క తేలలేదు. కనుక హడలిపోనక్కర్లేదు, ఊరుకోనూ కూడదు.

పక్క ఖోలీ అవ్వకు సంగతి తెలిసి, "కడుపుతోటి ఉన్నదానికి అలుపు రాదా, నిద్ర రాదా? గిదానికి గోలీలేంది బిడ్డా?" అంది. అవ్వ మాటలో నిజముంది. అలసట, మలబద్ధకం, ఒళ్లు రావడం గర్భంలోనూ ఉంటాయి, థైరాయిడ్ తగ్గినా ఉంటాయి. అందుకే రక్తపరీక్ష తప్ప వేరే సాక్ష్యం లేదు. ముందు గర్భం పోయినవారికి, ఇంట్లో థైరాయిడ్ జబ్బు ఉన్నవారికి ఈ పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2014లోనే మార్గదర్శకాలిచ్చింది.

ఇంకో చిన్న మాట. నెల తర్వాత చూస్తే మా కోడలి అంకె పెద్దగా దిగలేదు. విచారిస్తే, పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర ఒకే గుక్కలో చాయ్‌తో మింగుతోంది. చీటీ మీద వేళలు రాసి లేవు. ఐరన్, కాల్షియం ఈ మందును ఒంటబట్టనివ్వవు. పరగడుపున నీళ్లతో ఇది వేసుకుని, అవి నాలుగు గంటలు ఆగి వేసుకోవాలి. వేళ మార్చాక అంకె 2.3కు దిగింది.

జె.జె., నాయర్ ఆస్పత్రులు మన నాగ్‌పాడాకు నడిచిపోయేంత దూరం. వాడకట్టుకు మూడో నెల నిండాకే చెప్పండి, మన ఆచారం కాదనను. డాక్టరుకు మాత్రం నెల తప్పిన వారంలోనే చెప్పండి. డాక్టరు చెవికి దిష్టి లేదు.