గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు

పుదుచ్చేరిలో గుర్రాన్ని పెంచుతున్నానంటే యానాంలోని మా బంధువులు ముందు నా జీతం గురించి, ఆ తర్వాత నా మతి గురించి ఆరా తీస్తారు. ఖర్చుదేముంది, ఎలాగో సర్దుకోవచ్చు. పక్క కొట్టంలోని గుర్రం బక్కచిక్కిపోతుంటే చూస్తూ ఊరుకోవడమే కష్టం.

మాది ఉమ్మడి గుర్రపుశాల. ఊరి శివార్లలో, సరుగుడు తోటల పక్కన తొమ్మిది కొట్టాలు. నెలనెలా అద్దె కడితే చోటు, నీళ్లు, అందరికీ కలిపి ఒక కాపరి. దాణా, లాడాలు, వైద్యం ఎవరి గుర్రానికి వారే చూసుకోవాలి. యజమానులు వస్తున్నంత కాలం ఈ ఏర్పాటుకు ఢోకా లేదు.

సముద్రపుటొడ్డున ఒక సాయంత్రం స్వారీ చేసి, ముచ్చటపడి గుర్రాన్ని కొనేసినవారూ మాలో ఉన్నారు. అలాంటి ఒకాయన మార్వారీ ఆడగుర్రం మా పక్కనే ఉండేది. చెవుల కొసలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకుతుండేవి. మొదటి నెల ఆయన రోజూ వచ్చేవారు. తర్వాత ఆదివారాలు. ఆ తర్వాత అద్దె ఒక్కటే వచ్చేది, బ్యాంకు ద్వారా.

గుర్రం గిట్ట మన గోరులా పెరుగుతూనే ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించకపోతే నడక మారి కీళ్ల మీద భారం పడుతుంది. గడ్డిని ఇసుక నేల మీద పడేస్తే దాంతోపాటు ఇసుకా కడుపులో చేరి పేరుకుంటుంది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపునొప్పి ముదిరితే ప్రాణానికే ముప్పు.

ఆ కొట్టంలో దాణా నిండుకున్నప్పుడల్లా కాపరి మిగతా గుర్రాల ఉలవల్లోంచి తలా గుప్పెడు తీసి దానికి పెట్టేవాడు. సంగతి బయటపడ్డాక కొందరు అతణ్ని దొంగన్నారు. తప్పు ఒకరిది, మాట పడింది మరొకరు.

ఆయనకు ఫోన్ చేశాను. ''నెలనెలా డబ్బు కడుతున్నాను కదండీ, ఇంకేం చేయాలి?'' అన్నారు. దబాయింపు కాదది. ఆయనకు నిజంగానే తెలియదు.

చట్టం లేకపోలేదు. పెంచే జంతువుకు చాలినంత తిండి, నీళ్లు పెట్టకపోవడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఆ డబ్బుకు కిలో ఉలవలు కూడా రావు. గట్టిగా నిలదీస్తే ఆయన గుర్రాన్ని మరోచోటికి తరలిస్తారు. అక్కడ గుప్పెడు ఉలవలు పెట్టే కాపరి ఉంటాడని ఏమిటి నమ్మకం?

అందుకే నీతిబోధ జోలికి పోలేదు. ప్రతి శనివారం గిట్టల ఫొటో తీసి, తేదీ వేసి పంపాను. ఒక్క వ్యాఖ్య కూడా జోడించలేదు. నాలుగో ఫొటో తర్వాత ఆయనే వచ్చారు. లాడాలు కొట్టే మనిషిని పిలిపించి, అతని పని పూర్తయ్యేదాకా పక్కనే నిలబడ్డారు.

ఆ నెలలోనే అందరం కూర్చుని ఒక పేజీ ఒప్పందం రాసుకున్నాం. ఎనిమిది వారాలు దాటితే శాలే గిట్టలు చెక్కించి బిల్లు పంపుతుంది. కడుపునొప్పి వస్తే యజమాని అనుమతి కోసం ఆగకుండా డాక్టర్‌ను పిలుస్తుంది. రెండు నెలల దాణా డబ్బు ముందే జమచేయాలి. పక్కవారి దాణా ముట్టుకోవాల్సిన అవసరం ఇక కాపరికి లేదు.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్న సామెతను మనం వెటకారానికి వాడుతుంటాం. శాలలో మాత్రం అదే మొదటి నిబంధన. దానికి ఎనిమిది మంది సంతకం చేశారు. తొమ్మిదో ఆయన తన గుర్రం మీద ఇతరుల పెత్తనమేమిటని కోప్పడి, ఆ రాత్రే దాన్ని లారీ ఎక్కించారు. ఎక్కడికో చెప్పలేదు. మా ఒప్పందం ఎనిమిది గుర్రాలకు ఉపయోగపడింది. దాని అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ఆ తొమ్మిదోదానికే.