పంపినవారి ఒడ్డు



దేవుని కృపను బట్టి 2024 ఆగస్టు నెలలో మేము ఇంగ్లండు దేశం వెళ్ళి వచ్చాము. మా తమ్ముడు బ్రిస్టల్ నగరంలో ఉద్యోగం చేసుకుంటూ అక్కడే స్థిరపడ్డాడు. అమ్మను, మా దంపతులను మూడు వారాలకు పిలిపించుకున్నాడు. ఆ మూడు వారాలలో ఒక్క రోజును గూర్చి మాత్రమే ఈ నెల మీతో పంచుకోవాలని ఉన్నది. ఆ రోజున సముద్రపు ఒడ్డున మేము నడిచినది పది కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా మూడేళ్ళుగా మా మనసులో ఉన్న ఒక ముల్లును ఆ నడక తీసివేసింది.

ముందుగా ఆ ముల్లు సంగతి చెప్పాలి. 2021 మే నెలలో, కరోనా రెండవ విడతలో, మా నాన్నగారు ప్రభువునందు నిద్రించారు. తమ్ముడు రాలేకపోయాడు. ఆ రోజులలో ప్రయాణాల మీద ఎన్ని ఆంక్షలున్నవో మాకు తెలియక కాదు. సమాధి కార్యక్రమమంతా వాడు ఫోనులోనే చూశాడు. మట్టి వేసేటప్పుడు మేము దుఃఖంలో, "రావాలనుకుంటే ఏదో ఒక దారి దొరక్కపోతుందా?" అన్నాము. ఫోను పట్టుకున్న పిల్లవాడు మా పక్కనే ఉన్నాడు. ఆ మాట వాడికి వినబడింది. తరువాత పండుగలకు ఫోనులో పలకరించుకున్నాము, పిల్లల చదువులను గూర్చి అడిగి తెలుసుకున్నాము. కాని ఆ మాటను గూర్చి వాడు అడగలేదు, మేము ఎత్తలేదు. ఆదివారం ఆదివారం క్షమాపణను గూర్చి బోధించే మేము, మా సొంత తమ్ముని దగ్గర నోరు తెరవలేకపోయాము.

ఇక ప్రయాణం సంగతి. ఆ దేశంలో వేసవి సెలవులు వస్తే చాలామంది కారవాన్ తీసుకుని సముద్రతీరానికి పోతారు. కారవాన్ అంటే కారు వెనుక తగిలించి లాగుకుపోయే చక్రాల ఇల్లు. లోపల గ్యాసు పొయ్యి, నీళ్ళ తొట్టి, మడిస్తే బల్ల, పరిస్తే మంచం. అమ్మ అందులో అడుగుపెట్టి అటూ ఇటూ చూసి, "ఇది మన కాలవ మీద పడవ గదిలాగా ఉందిరా" అన్నది. తమ్ముడు దాన్ని అద్దెకు తీసుకుని మమ్మును డెవన్ జిల్లా ఉత్తర తీరానికి తీసుకుపోయాడు. అక్కడి పల్లె దారులు మన పొలం గట్ల వంటివి. రెండు పక్కలా మనిషి ఎత్తున మట్టి గట్లు, వాటి మీద పొదలు, మధ్యలో ఒక్క బండికే చోటు. ఎదురుగా ట్రాక్టరు నడుపుకుంటూ వచ్చిన రైతు మా వెనుక ఉన్న బరువు చూసి, తానే చాలా దూరం వెనక్కి పోయి దారి ఇచ్చాడు. తమ్ముడు చేయి ఎత్తి వందనం చెప్పాడు. అక్కడ అది మర్యాద.

వూలకూంబ్ అనే ఊరి దగ్గర కారవాన్లు నిలుపుకునే మైదానంలో రాత్రి బస చేశాము. ఉదయం కుటుంబ ప్రార్థన ముగించి, మా మరదలు చేసిన ఉప్మా తిని, కారవాన్‌ను అక్కడే ఉంచి కారులో బయలుదేరాము. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. అందుచేత, "మీరు నడిచి రండి, నేను కారులో కూర్చుంటాను" అని ముందే చెప్పి, చేతిసంచిలో నుండి లేసు అల్లే సూది, దారపు ఉండ తీసింది. మా అమ్మ పుట్టిల్లు నరసాపురం దగ్గర పల్లెటూరు. ఆ ప్రాంతపు ఆడవారి చేతులు ఖాళీగా ఉండవు.

మొదటి మజిలీ మోర్ట్‌హో. చిన్న ఊరు, పాత రాతి దేవాలయం. అక్కడి నుండి మోర్ట్ పాయింట్ అనే కొండకొమ్మ వరకు కాలిబాట ఉన్నది. ఇంగ్లండు నైరుతి తీరం వెంట మినెహెడ్ నుండి పూల్ రేవు వరకు 1,000 కిలోమీటర్లకు పైగా సాగే పొడవైన బాటలో ఇది ఒక ముక్క. దొంగసరుకు దింపేవారిని కనిపెట్టడానికి తీర రక్షకులు ఒకప్పుడు ఒడ్డు వెంబడే గస్తీ తిరిగేవారు. వారి అడుగులు పడి పడి ఏర్పడినదే ఈ బాటలో చాలా భాగం. ఇప్పుడు అదే బాట మీద పిల్లలు, ముసలివారు, కుక్కలను పట్టుకున్నవారు హాయిగా నడుస్తున్నారు.

ఆగస్టు గనుక కొండ మీద ఊదారంగు పొదలు, పసుపు పూల ముళ్ళ కంపలు కలిసి పూసి ఉన్నవి. కొన దగ్గరకు పోయేకొద్దీ నేల మారిపోయింది. పలకరాయి నిలువునా పగిలి, రంపపు పళ్ళలాగా సముద్రంలోకి దిగిపోయింది. ఎన్నో ఓడలు ఈ రాళ్ళ మీద బద్దలైనవి. 'మోర్' అంటే ఫ్రెంచి భాషలో మరణం. ఆ పేరు ఈ చోటికి తగినదే అనిపించింది. కింద రాళ్ళ మీద రెండు సీలు జంతువులు ఎండకు పడుకొని ఉన్నవి. దూరాన లండీ ద్వీపం మబ్బు ముక్కలాగా కనిపించింది.

ఆడవారు, పిల్లవాడు సీళ్ళను చూస్తూ వెనుక నిలిచిపోయారు. మేము, తమ్ముడు కొన వరకు పోయి ఒక రాతి మీద కూర్చున్నాము. కొంతసేపటికి వాడు అన్నాడు:

"అన్నయ్యా, నాన్నను పెట్టిన రోజు నేను ఇక్కడికే వచ్చాను. ఫోను కట్టేసి, రెండు గంటలకు పైగా కారు నడుపుకుంటూ వచ్చి, ఈ రాళ్ళ మీదే కూర్చున్నాను. సముద్రం వైపు చూస్తే మన ఊరి వైపు చూసినట్టు ఉంటుందనుకున్నాను. చీకటి పడేదాకా చూశాను. ఇంటికి పోయి పటం చూస్తే ఇటు పోతే అమెరికా వస్తుంది. మన ఊరు నా వీపు వెనక ఉంది."

వాడు నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. మాకు గొంతు పట్టుకుపోయింది. అంతలో పిల్లవాడు "పెదనాన్నా!" అని కేకవేస్తూ పరుగెత్తుకొచ్చాడు. చెప్పవలసిన మాట చెప్పకుండానే లేచాము.

రెండవ మజిలీ ఇల్ఫ్రకూంబ్ రేవు. రేవు ముఖద్వారంలో ఒక గుట్ట, గుట్ట మీద సెయింట్ నికొలస్ పేరిట చిన్న ప్రార్థనాలయం. మధ్యయుగాలనాటి ఆ ప్రార్థనాలయంలో కొన్ని వందల సంవత్సరాలుగా ఓడల కొరకు దీపం పెడుతున్నారు. గుట్టకు దీపపు గుట్ట అనే పేరే పడింది. నేటికీ అక్కడ దీపం వెలుగుతున్నది. మేము ఎక్కి వచ్చి అమ్మకు ఆ సంగతి చెబితే, ఆమె అల్లిక ఆపకుండానే, "దీపం పెట్టినోళ్ళు ఇంట్లో పడుకుంటే కుదరదు కదా, రాత్రంతా మేలుకోవాలి" అన్నది. రేవు గట్టు మీద వేయించిన చేప, బంగాళదుంప ముక్కలు తిన్నాము. అమ్మ సంచిలో నుండి మాగాయ వచ్చింది. సముద్రపు కాకి ఒకటి పిల్లవాని చేతిలోని ముక్క తన్నుకుపోయింది.

అక్కడి నుండి బార్న్‌స్టేపుల్. ఇది టా నది ఒడ్డున ఉన్న పాత పట్టణం. నది మీద మధ్యయుగాలనాటి రాతి వంతెన ఇప్పటికీ నిలిచి ఉన్నది. ఈ ఊరు చూడాలని మేమే తమ్ముని అడిగాము. ఎందుకో గోదావరి జిల్లాల విశ్వాసులకు వేరే చెప్పనక్కరలేదు. 1836లో ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ వెంట మన దేశానికి బయలుదేరిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు ఈ ప్రాంతం వారే. ఒకరు రాతిపని చేసేవారు, మరొకరు చెప్పులు కుట్టేవారు. పాలకొల్లు, నరసాపురం ప్రాంతాలలో వారు తెలుగు నేర్చుకొని సువార్త పని చేశారు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. దాని పని మొదలైనది 1847లో. సూయజ్ కాలువ లేదు. అది తెరిచినది 1869లో. ఆఫ్రికా ఖండమంతా చుట్టి నెలల తరబడి ఓడలో రావాలి. ఆ రోజులలో ఈ ఊరి సంఘానికి కాపరి రాబర్ట్ చాప్‌మన్. లండనులో న్యాయవాద వృత్తి మానుకొని 1832లో ఇక్కడికి వచ్చి, 1902లో తన 99వ ఏట కన్నుమూసే వరకు ఇక్కడే ఉన్నారు. న్యూ బిల్డింగ్స్ అనే చిన్న వీధిలో సామాన్యమైన ఇంట్లో ఉంటూ, వచ్చిన అతిథులందరికీ తలుపు తెరిచి ఉంచారు. ఆ వీధి చివరి వరకు నడిచాము. అమ్మ కూడా కర్ర పట్టుకుని నెమ్మదిగా నడిచింది.

సాయంకాలానికి చివరి మజిలీ ఆపిల్‌డోర్ చేరాము. టా, టోరిడ్జ్ నదులు రెండూ కలిసి సముద్రంలో పడేది ఈ ఊరి ముందే. మేము చేరినప్పుడు నీరు బాగా తీసి ఉన్నది. పడవలన్నీ బురదలో ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నవి. ఆ తీరంలో సముద్రపు పోటు చాలా ఎక్కువ. మేము గట్టు మీద బల్లపై కూర్చుని చూస్తూ ఉండగానే నీరు పాయలు పాయలుగా లోనికి వచ్చింది. ఒరిగిన పడవలు ఒకటొకటిగా కదిలి, తమంతట తామే నిటారుగా లేచినవి.

అమ్మ చాలాసేపు ఆ నీళ్ళ వైపు చూసింది. తరువాత మమ్మును అడిగింది: "పెద్దోడా, ఆ దొరలు ఇక్కణ్ణించి మన ఊరు వచ్చారని ప్రతి ఏడూ చెబుతావు. మరి వాళ్ళని పంపినోళ్ళ సంగతి ఎప్పుడూ చెప్పవేం?"

మా దగ్గర జవాబు లేదు. నిజమే. మేము ఎన్ని ప్రసంగాలలో ఆ పేర్లు చెప్పామో! అన్నింటిలోనూ మేము నిలబడినది మన ఒడ్డునే. ఓడ దిగినవారినే చూశాము. ఓడ ఎక్కించి వెనుకకు మళ్ళినవారిని చూడలేదు. అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయంలో తూరు పట్టణపు శిష్యులు భార్యాబిడ్డలతో సహా పౌలును సాగనంపడానికి వచ్చి, సముద్రపు ఒడ్డున మోకాళ్ళూని ప్రార్థించిన సంగతి మనం చదువుతాము. ఓడ కదలగానే మన కథ పౌలు వెంట పోతుంది. ఇంటికి మళ్ళినవారి వెంట మనం పోము. వారిలో ఒక్కరి పేరు కూడా మనకు చెప్పబడలేదు.

అమ్మ అక్కడితో ఆపలేదు. "వీడు రాలేదని ఆ రోజు నువ్వన్నావు. నేనూ విన్నాను. వీణ్ణి విమానం ఎక్కించింది ఎవరు? మీ నాన్న కాదా? అర ఎకరం కొబ్బరితోట అమ్మి పంపించాడు. విమానాశ్రయంలో కంట తడి పెట్టలేదు. ఇంటికొచ్చాక కాలవ గట్టు మీద కూర్చుని, ఎంత పిలిచినా అన్నానికి రాలేదు. మర్నాడు పొద్దున నాతో అన్నాడు: పంపించాక లెక్క అడగకూడదు అని."

ఈ సంగతి మా ఇద్దరికీ అంతవరకు తెలియదు. తమ్ముడు తల వంచుకున్నాడు. మేము లేచి వాని పక్కన కూర్చున్నాము. "తమ్ముడూ, ఆ రోజు నేనన్న మాట తప్పు. నన్ను క్షమించు" అన్నాము. ఇన్నాళ్ళు ఎంత పెద్ద బరువో అనుకున్నది, చెప్పడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. వాడు మా చేయి పట్టుకున్నాడు. "నాకు నీ మీద కోపం లేదన్నయ్యా. నేనే ఆ మాట నాకు నేను రోజూ చెప్పుకున్నాను" అన్నాడు. అమ్మ సూది దారం సంచిలో పెట్టి ప్రార్థన చేసింది. చిన్న ప్రార్థన. నాన్నగారి కొరకు వందనాలు, దూరాన ఉన్న బిడ్డల కొరకు కాపుదల. గట్టు మీద పోయేవారు మా వైపు చూసి మర్యాదగా తప్పుకుని పోయారు. మేము లేచేసరికి రేవు నిండా నీళ్ళు.

ప్రియ పాఠకులారా, ఒకప్పుడు పంపేవారు ఆ ఒడ్డున ఉన్నారు, అందుకునేవారము మనము. నేడు మన సంఘాలలో ఎన్ని ఇండ్లలో తల్లిదండ్రులు బిడ్డలను విమానం ఎక్కించి, ఒంటరిగా ఇంటికి మళ్ళుతున్నారు! అమెరికా, గల్ఫ్, ఇంగ్లండు అని మనం గొప్పగా చెప్పుకుంటాము. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరు అన్నం తినలేదో అడగము. వెళ్ళినవారు పండుగకో చావుకో రాలేకపోతే మాత్రం తప్పుపడతాము. దూరాన వారు ఏ రాతి మీద ఒంటరిగా కూర్చున్నారో మనకు తెలియదు.

ఈ వారం మీ వీధిలో అటువంటి తల్లి ఎవరైనా ఉంటే, ఒక పూట వెళ్ళి ఆమె దగ్గర కూర్చోండి. దూరాన ఉన్న తమ్మునికో, చెల్లికో మీరు చెప్పవలసిన మాట ఏదైనా మిగిలి ఉంటే, అమ్మ ఉండగానే చెప్పండి. మాకు ఆ ధైర్యం రావడానికి మూడేళ్ళు, ఒక సముద్రం పట్టినవి. మీకు అంత దూరం పోనక్కరలేదు.