పంజాగుట్ట పక్కన చుక్కల లెక్క

శ్రీనగర్ కాలనీ మేడల మీద నుంచి రాత్రి కనిపించే చుక్కలు పట్టుమని పాతిక ఉండవు. అమీర్‌పేట హోర్డింగుల వెలుగు అలాంటిది. కూతవేటు దూరంలో, పంజాగుట్ట, బేగంపేటల నడుమ ఉన్న నిజామియా అబ్జర్వేటరీలో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచారంటే నమ్మబుద్ధి కాదు.

1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో ఫిసల్‌బండలో మొదలుపెట్టిన ముచ్చట అది. 1908లో నిజాం సర్కారు తీసుకుంది; తర్వాత ఇటు మారింది. ఆకాశాన్ని పలు అబ్జర్వేటరీలు పంచుకుని ఫోటోలు తీసిన అంతర్జాతీయ పథకంలో హైదరాబాదు వాటా ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల పట్టీ. అబ్జర్వేటరీ డైరెక్టరుగా పోకాక్ 1914లో ఈ పని చేపట్టారు. 1918లో ఆయన పోయాక టి.పి. భాస్కరన్ ఆ బాధ్యతను పాతికేళ్లు మోశారు. గాజుపలకల మీద ఒక్కో చుక్కనూ కొలవడం, పన్నెండు సంపుటాలు అచ్చు వేయడం! గ్రహణాలూ కొత్త గ్రహాలూ పత్రికలకెక్కుతాయి; ఈ కొలతలెవరికి కావాలి? నాకు మాత్రం ఇలాంటి ఓపికే గొప్ప భౌతికశాస్త్రంగా తోస్తుంది.

తర్వాత, అబ్జర్వేటరీని నడిపిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు 48 అంగుళాల దూరదర్శినిని నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టారు. పాత ఆవరణలో ఇప్పుడు ఆర్థిక, సామాజిక పరిశోధన సంస్థ నడుస్తోంది. వాళ్లవీ లెక్కలే, కాకపోతే పగటివి.