కొల్లేటి రిజ్క్

మా దదియాల్ ఏలూరు తంగెళ్ళమూడి, ఖాలీన్లు నేసే మొహల్లా. నానిహాల్ కైకలూరు. రెండింటి మధ్యా కొల్లేరు. అందుకే నా బచ్‌పన్ యాదుల్లో సగం బస్సు కిటికీలోంచి చూసిన నీళ్ళే.

అటు కృష్ణా డెల్టా, ఇటు గోదావరి డెల్టా, నడుమ పళ్ళెంలాంటి పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన వాననీరు ఇక్కడ కాస్త ఆగి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది.

తాటిదోనెలో వెళ్ళేటప్పుడు దాహమేస్తే ఆ నీళ్ళే దోసిలితో తాగేవాళ్ళమని నానీమా చెప్పేది. జుమ్మా రోజు దస్తర్‌ఖాన్ మీద ఆమె చేతి కొర్రమేను సాలన్ ఉంటే మాకు అదే ఈద్.

తర్వాత మామూ మరో ముగ్గురితో కలిసి చేపల చెరువు వేశాడు. వరి మునిగే చోట చేప బతికింది. ఖాలా నికాహ్, నా కాలేజీ ఫీజు, అన్నీ ఆ చెరువు బర్కతే.

1999లో కొల్లేరు అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. మామూకి ఇవన్నీ 2006లోనే అర్థమయ్యాయి, ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు తెంచినప్పుడు. చెరువు పోయింది, ఖర్జ్ మిగిలింది. ఆ రాత్రి ఇషా తర్వాత మామూ ముసల్లా మీంచి చాలాసేపు లేవలేదు.

మొన్న చలికాలం పిల్లల్ని ఆటపాక తీసుకెళ్ళాను, గూడబాతుల్ని చూపిద్దామని. మామూ కూడా వస్తానన్నాడు. నాకు లోపల భయమే. పిల్లలు పక్షుల్ని లెక్కపెడుతుంటే మెల్లగా అడిగాను.

"వీటిని చూస్తే గుస్సా రాదా మామూ?"

"వాటి మీద దేనికి బేటా? వాటి రిజ్క్ కూడా ఇక్కడే రాసుంది."

కాసేపాగి తనే అన్నాడు. "మా గట్లు నీటి దారి మూసేశాయి. మేతలు, మందులు పోశాం. మీ నానీ తాగిన నీళ్ళు పాడుచేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అది సచ్. పైసలున్నోళ్ళు మళ్ళీ గట్లు కట్టుకున్నారు, మాలాంటోళ్ళం కట్టుకోలేకపోయాం. అదీ సచ్చే."

ఏం జవాబివ్వాలో తెలియలేదు. నాకు పక్షులూ కావాలి, మామూ హఖ్ కూడా కావాలి. నేను చదివిన చదువు ఆ చెరువుదే కదా.

ఇంతలో మా చిన్నది దాహమంది. చుట్టూ కనుచూపు మేర నీళ్ళు. మామూ సంచిలోంచి అంగట్లో కొన్న నీళ్ళ సీసా తీసి మూత తిప్పాడు.

"బిస్మిల్లా అని తాగు, బేటీ."