వాన నడిపిన పడవ

ముప్పై ఏళ్ళుగా నేను మద్రసాలో ఫిఖహ్ పాఠాలు చెబుతున్నాను. వజూ అధ్యాయంలో తోలు మేజోళ్ళపై మసహ్ చేసే విషయం వచ్చినప్పుడల్లా పిల్లలు వింతగా చూస్తారు. ప్రయాణికునికి ఈ వెసులుబాటు మూడు పగళ్ళు, మూడు రాత్రులని వివరిస్తాను. కాని మా అనంతపురం ఎండలో తోలు మేజోళ్ళు తొడిగేవారెవరు? పుస్తకంలో చదివి చెప్పిన ఆ సౌలభ్యం విలువ నాకు నార్వే దేశంలో తెలిసివచ్చింది.

మా అబ్బాయి అక్కడి బెర్గెన్ నగరంలో ఇంజనీరు. గత సెప్టెంబరులో నేనూ నా భార్యా పది రోజుల కోసం అతని వద్దకు వెళ్ళాము. బెర్గెన్ కొండల నడుమ, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అట్లాంటిక్ మీదుగా వచ్చే తేమగాలులు ఆ కొండలకు తగిలి పైకి లేచి, చల్లబడి, అక్కడే కురిసిపోతాయి. మా జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే అక్కడ 2,000 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. మేము దిగిన నాటి నుండి నాలుగు రోజులు వాన తెరిపి ఇవ్వలేదు. అయిదో రోజు ఫ్యోర్డుల యాత్రకు అబ్బాయి ముందే టిక్కెట్లు కొని ఉంచాడు. ఆ ఉదయమూ అదే వాన, అదే చలి. “ఇంత దూరం వచ్చి మబ్బులను చూసి పోవాలా?” అని నేను విసుక్కున్నాను.

రైలులో వోస్ వరకు, అక్కడి నుండి బస్సులో గుద్‌వాంగెన్ అనే చిన్న గ్రామానికి చేరి పడవ ఎక్కాము. ఫ్యోర్డ్ అంటే కొండల మధ్యకు చొచ్చుకువచ్చిన సముద్రపు పాయ. హిమయుగాలలో మహా హిమానీనదాలు మెల్లగా జారుతూ లోయలను సముద్రమట్టం కంటే లోతుగా తొలిచాయి. మంచు కరిగాక ఆ లోయలలోకి సముద్రం ప్రవేశించింది. వీటిలో సొగ్నెఫ్యోర్డ్ 200 కిలోమీటర్లకు పైగా పొడవు, 1,300 మీటర్ల లోతు గలది. మేము వెళ్ళిన నేరోయ్‌ఫ్యోర్డ్ దాని శాఖలలో ఒకటి. మిక్కిలి ఇరుకైన చోట దాని వెడల్పు 250 మీటర్లే. 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ ప్రదేశాలలో చేర్చింది.

పడవ కదిలింది. శిఖరాలు ఒక్కటీ కనిపించలేదు. కాని రెండు వైపులా నల్లని రాతిగోడల మీదుగా మబ్బుల్లోంచి తెల్లని ధారలు దిగుతున్నాయి. పది లెక్కపెట్టి, తర్వాత లెక్క మానేశాను. ఎండ కాసే రోజుల్లో వీటిలో చాలా ధారలు ఉండవని, వాన పడితేనే పుడతాయని అబ్బాయి చెప్పాడు. అప్పుడు నా భార్య మెల్లగా అంది: “ఏమండీ, ఆ ఏడు చెరువులో నిలబడి మీరు అడిగింది దీన్నే కదా!”

నాకు మాట రాలేదు. ఒక కరవు సంవత్సరం మా ఊరి ఎండిన చెరువులో ఇస్తిస్ఖా నమాజు చేయించింది నేనే. వృద్ధులు, పిల్లలు, మేకలమందలు సైతం వెంట వచ్చాయి. పైవస్త్రం తిరగేసి కప్పుకొని, నెరలు విచ్చిన నేలమీద చేతులెత్తి వేడుకున్నాము. వానను కారుణ్యమని పిల్లలకు బోధించిన నేనే, దృశ్యం చెడిందని ఆ ఉదయం దానిపై విసుక్కున్నాను.

పడవలో పొగ లేదు, ఇంజను చప్పుడు దాదాపు లేదు. అది బ్యాటరీలతో నడిచే పడవ అని అబ్బాయి చెప్పాడు. నార్వేలో విద్యుత్తు అత్యధికంగా నీటి నుండే తయారవుతుంది. కొండలపై కురిసిన వాన సరస్సుల్లో నిలిచి, సొరంగాల గుండా కిందికి దూకి యంత్రాలను తిప్పుతుంది. అంటే, నేను నిందించిన వానే నన్ను మోసుకుపోతోంది!

దాదాపు రెండు గంటల తర్వాత ఫ్లోమ్‌లో దిగాము. జుహ్ర్ వేళ అయింది. కొళాయి నీరు సూదుల్లా గుచ్చుతోంది. ముఖం, చేతులు కడుక్కొని, తల తుడుచుకొని, తోలు మేజోళ్ళపై తడిచేతితో మసహ్ చేశాను. ఆ క్షణాన నా పాదాలకు తెలిసింది, ఆ సౌలభ్యం ఎంతటి దయో. స్టేషను పక్కన చూరు కింద రెండు రకాతుల ఖసర్ నమాజు చేసుకున్నాము.

అక్కడి నుండి ఎక్కిన కొండరైలు 20 కిలోమీటర్లలో 20 సొరంగాలు దాటి, 866 మీటర్ల ఎత్తున ఉన్న మీర్దాల్ స్టేషనుకు చేరుతుంది. దారిలో షోస్‌ఫోసెన్ జలపాతం వద్ద కొద్ది నిమిషాలు ఆపారు. తుంపరలకు అందరమూ తడిశాము. ఈ రైలు మార్గానికి కావలసిన విద్యుత్తు కోసమే ఆ జలపాతం వద్ద విద్యుత్కేంద్రం నిర్మించారట.

అయితే ఆ కొండలు ఎల్లప్పుడూ ప్రశాంతంగా ఉండవు. 1934లో ఉత్తరాన తాఫ్యోర్డ్‌లో పెద్ద కొండచరియ నీటిలో కూలగా, లేచిన అలకు 40 మంది మరణించారు. అందుకే మన దుఆలో వానను మాత్రమే అడగం, మేలు చేసే వానను అడుగుతాము.

తిరిగి వచ్చాక మసహ్ పాఠం మళ్ళీ వచ్చింది. ఈసారి పిల్లలకు మేజోళ్ళు చూపించాను, వానపై విసుక్కున్న సంగతీ దాచకుండా చెప్పాను. కిటికీ బయట మాత్రం ఎండ మండుతోంది. అల్లాహ్ మన చెరువులకు మేలైన వానను, మనకు దానిని గుర్తించే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.